వెనక గేటు క్యారియర్

కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి వచ్చానని తెలిస్తే మా రాయచోటి వైపు కుర్రవాళ్లు మొదట అడిగేది ఏ కారు తోలావని. బడి బస్సు అని చెప్పగానే వాళ్ల ఉత్సాహం సగం చచ్చిపోతుంది. మిగతా సగం నేను మాట్లాడటం మొదలుపెట్టాక చస్తుందని మా ఆవిడ అంటుంది. అయినా చెబుతాను. అక్కడికి వెళ్లబోయేవాళ్లకు ఎండ గురించి, ఇఖామా అనే నివాస కార్డు గురించి, కఫీల్ అనే వీసా యజమాని గురించి చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. మన పిల్లలు మన పిల్లల పక్కన కూర్చోకూడదని మనవాళ్లే బడి గేటుకు కార్లు అడ్డం పెట్టిన పొద్దు గురించి చెప్పేవాళ్లు లేరు. ఆ గేటు ముందు ఆగిపోయిన మొదటి బస్సు నాది.

మాది మన దేశపు సిలబస్ చెప్పే బడి. పేరు అనవసరం. దానికి రెండు భవనాలు ఉండేవి. పాతది అబ్బాసియాలో, కొత్తది సల్వాలో. అబ్బాసియా అంటే మనవాళ్ల పేట. కిరాణా కొట్లు, దర్జీ షాపులు, ఒక్కో ఫ్లాటులో రెండు మూడు కాపురాలు, పొద్దున లేస్తే ప్రతి కిటికీలోంచీ తాలింపు వాసన. సల్వా అంటే విల్లాలు, గోడల మీదికి పాకిన కాగితంపూల చెట్లు, తెల్లవారకముందే కార్లు కడిగే ఇంటి డ్రైవర్లు. సల్వా బడిలో చదివేదీ మన దేశపు పిల్లలే. కాకపోతే వాళ్ల తండ్రులు ఇంజినీర్లు, డాక్టర్లు, కంపెనీ మేనేజర్లు. అబ్బాసియా పిల్లల తండ్రులు డ్రైవర్లు, ఏసీ మెకానిక్కులు, సేల్స్‌మన్లు. పుస్తకాలు ఒకటే, పరీక్ష ఒకటే, యూనిఫారం కూడా ఒకటే.

ఒక ఏడాది అబ్బాసియా భవనం యజమాని లీజు పొడిగించనన్నాడు. చిన్న తరగతులను పక్క వీధిలో ఒక అద్దె ఇంట్లో ఎలాగో సర్దారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు చోటు దొరకలేదు. వాళ్లను రోజూ బస్సుల్లో సల్వా తీసుకుపోవాలని బడివాళ్లు నిర్ణయించారు. అక్కడ గదులు ఖాళీగానే ఉన్నాయి.

ఊళ్లో ఉన్నవాళ్లకు ఇందులో అంత విషయం ఏముందో అర్థం కాదు. కువైట్‌లో పిల్లవాడికి బడి సీటు పోయిందంటే వాడు ఊరికి పోవాలి. వాడితో తల్లి పోవాలి. తండ్రి ఫ్లాటు ఖాళీ చేసి మళ్లీ బ్యాచిలర్ రూములో మంచం వేసుకోవాలి. ఆ ఏడాది అబ్బాసియాలో మిగతా బడులన్నీ నిండిపోయి ఉన్నాయి. నా బస్సులో ఎక్కే ప్రతి పిల్ల వెనకా ఒక కాపురం వేలాడుతూ ఉండేది.

సల్వా తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. అక్కడ పరదేశులు జెండాలు పట్టుకుని రోడ్డెక్కడానికి లేదు. ఎక్కితే నేరుగా విమానమే ఎక్కిస్తారు. కాబట్టి వాళ్ల గొడవంతా ఫోన్లలో జరిగింది. ఆ మెసేజులు ఎలాగో తిరిగి తిరిగి మా డ్రైవర్ల దాకా వచ్చేవి. క్లాసులు కిక్కిరిసిపోతాయట. మార్కులు పడిపోతాయట. దగ్గులు, పేలు వస్తాయట. వాళ్ల బట్టలకు నూనె వాసనట. నాకు కోపం రావాలి, నిజానికి. కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసేది. నిద్రమొహాలతో బస్సెక్కి, తల కిటికీకి ఆనించి, సిక్స్త్ రింగ్ రోడ్డు దాటేలోపు గురకపెట్టే పిల్లలను చూసి ఇంతమంది పెద్దవాళ్లు ఎందుకు భయపడుతున్నారో తెలుసుకోవాలనే ఆరాటం పట్టుకుంది నాకు.

మా బస్సులో ముందు సీట్లో సోషల్ సార్ వచ్చేవాడు. ఆయనను అడిగాను. ఆయన ఎంతో ఉత్సాహంగా, ఇది కొత్తదేమీ కాదు, అమెరికాలో ఒక పట్టణంలో ఇలాగే జరిగిందన్నాడు. తెల్లవాళ్ల పేటలోని బడికి నల్లవాళ్ల పిల్లలను బస్సుల్లో పంపమని కోర్టు చెబితే, ఆ పేటవాళ్లు రోడ్డు మీదికి వచ్చారట. బస్సుల మీద రాళ్లు వేశారట. తమ పిల్లలను బడి మాన్పించారట. ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్ రోడ్డు పొడుగునా చెప్పాడు.

"సార్, ఆ బస్సు తోలినాయన ఎవరు? తెల్లాయనా, నల్లాయనా?" అన్నాను.

"అది చదివిన గుర్తు లేదబ్బా."

"రాళ్లు పడతాంటే బస్సు ఆపినాడా, తోలుకోని పోయినాడా?"

"డ్రైవర్ గురించి పుస్తకంలో లేదు. నువ్వు ముందు చూసి తోలు."

ఆ డ్రైవరు ఎవరో ఇప్పటికీ నాకు తెలియలేదు. తెలిస్తే ఒక పూట కూర్చుని టీ తాగుతూ మాట్లాడాలని ఉంటుంది.

చివరికి బడివాళ్లు మధ్యేమార్గం ఒకటి కనిపెట్టారు. అబ్బాసియా పిల్లలకు వేరే సెక్షన్లు, వేరే ఇంటర్వెల్, రాకపోకలు వెనక గేటు నుంచి. వెనక గేటు దగ్గర జనరేటరు, చెత్త డబ్బాలు, రెండు పిల్లులు ఉండేవి. మా గేటెందుకు వెనకుందని పిల్లలు అడిగితే ఇక్కడ నీడ ఉంటుందని చెప్పేవాణ్ణి. నీడ ఉండే మాట నిజమే.

మా బస్సులో ఆయా కడప నుంచి వచ్చిన ముస్లిం ఆవిడ. నాకంటే పెద్దది. అక్కా అనేవాణ్ణి. నా మాట వినగానే ఆమె, "పిల్లోళ్లకు అబద్ధాలు చెప్పేది నీ దగ్గరే నేర్చుకోవాల నాయనా," అనేది. ఆమెకు నచ్చని విషయాలు చాలా ఉండేవి. అన్నిటికీ నేనే జవాబుదారు.

ఇక క్యారియర్ సంగతి.

నా బస్సులో పదో తరగతి పిల్ల ఒకతె, మా అన్నమయ్య జిల్లా పిల్లే, రోజూ ఒడిలో పుస్తకాల సంచి, దాని మీద ఒక స్టీలు క్యారియర్ పెట్టుకుని కూర్చునేది. రెండు గిన్నెల క్యారియర్. కొక్కెం విరిగితే నీలం వైరుతో బిగించి కట్టి ఉండేది. అది ఆమె తిండి కాదు, వాళ్ల నాన్నది. ఆయన ఒక కంపెనీలో డ్రైవరు. పేరుకు కంపెనీ డ్రైవరు, పని మాత్రం మేనేజరు ఇంట్లో. ఇంట్లో పొయ్యి వెలగకముందే బయలుదేరి వెళ్లాలి. వంట అయ్యేసరికి ఆయన ఉండడు. ఆయన పొద్దున మేనేజరు కొడుకును దింపేది మా సల్వా బడి ముందు గేటు దగ్గరే. బాబును దింపి, కారును గోడ చుట్టూ తిప్పుకుని వెనక గేటుకు వచ్చి, కూతురి చేతి నుంచి క్యారియర్ తీసుకుపోయేవాడు. చిత్రాన్నం, చెనిక్కాయల పచ్చడి, ఒక్కోసారి ఉడికించిన గుడ్డు. బస్సంతా ఆ తాలింపు వాసన. సాయంత్రం బాబును ఎక్కించుకోవడానికి వచ్చేటప్పటికి అందులో సగం మిగిలి ఉండేదట. మిగలడమంటే మిగల్చడం. మేనేజరు కొడుకు కారెక్కగానే దానికోసం చెయ్యి చాపేవాడట.

"మేడానికి తెలుసునా?" అని ఒకసారి ఆయనను అడిగాను, మేనేజరు భార్య సంగతి.

"తెలిస్తే ఇంగేమన్నా ఉందా అన్నా. మా పాప ఇదే బడిలో చదువుతాందని కూడా చెప్పలే. డ్రైవరు బిడ్డ, వాళ్ల బాబు ఒకటే క్లాసు అంటే ఏమనుకుంటాదో ఏమో."

ఆ మేడంతో నేను ఒక్కసారి మాట్లాడాను. ఏదో మీటింగుకు వచ్చి, వెనక గేటు ఎలా ఉందో చూడాలనుకుందో ఏమో, అటు వచ్చింది. మన తెలుగావిడే, గోదావరి వైపు. మర్యాదస్థురాలు.

"మీరు రోజూ చూస్తారు కదండీ. ఆ పిల్లలు బస్సులో ఎలా ఉంటారండీ?" అంది.

"నిద్రపోతాంటారు మేడం."

ఆమె నవ్వలేదు. కాసేపు జనరేటరు వైపు చూసింది.

"నేనూ పెళ్లయిన కొత్తలో అబ్బాసియాలోనే ఉన్నానండీ. ఒక ఫ్లాటులో మూడు కాపురాలు. బాత్రూముకు కూడా లైను. అందులోంచి బయటపడటానికి మేం ఎన్ని పాట్లు పడ్డామో మీకు తెలీదు. ఇప్పుడు అదంతా బస్సెక్కి మా వెనకాలే వచ్చేస్తోందండీ."

అన్నాళ్లుగా వెతుకుతున్నది కొంచెం దొరికినట్టు అనిపించింది. అబ్బాసియా మొహం ఎప్పుడూ చూడనివాళ్లు ఒకటి రెండు మెసేజులు పెట్టి ఊరుకున్నారు. పట్టు విడవకుండా నిలబడ్డవాళ్లలో చాలామంది అక్కడి నుంచి లేచి వచ్చినవాళ్లే. ఆ మాట సోషల్ సార్‌తో అంటే, అది కూడా పుస్తకంలో లేదన్నాడు.

చలికాలం సెలవుల్లో ప్రిన్సిపాల్ మేడం తెగించింది. రెండు సెక్షన్లు కలిపేస్తున్నాం, బస్సులన్నీ ముందు గేటు నుంచే వస్తాయి అని నోటీసు పెట్టింది. సల్వావాళ్ల ఫోన్లు వేడెక్కాయి. అక్కడ వారం ఆదివారంతో మొదలవుతుంది. బడి తెరిచే ఆదివారం పొద్దున అందరూ కార్లలో రావాలి, గేటు ముందు నిలపాలి, దిగకూడదు, హారన్ కొట్టకూడదు, పోలీసులు అడిగితే ట్రాఫిక్ అని చెప్పాలి. బస్సులు చూసి చూసి వాటంతట అవే వెనక్కి పోతాయి. ఒక్క రోజు పోతే యాజమాన్యం దిగివస్తుంది, అబ్బాసియా పిల్లలను ఇంకో చోటు చూసుకోమని చెప్పేస్తుంది. ఇదీ వాళ్ల లెక్క. నిజం చెప్పొద్దూ, మంచి లెక్కే. యాజమాన్యం అప్పటికే మెత్తబడి ఉందని మా డ్రైవర్లందరికీ తెలుసు.

శనివారం సాయంత్రం ఆ పిల్ల తండ్రి నా రూముకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, రేపు మేడం కూడా బండిలో వస్తాదంట. గేటుకు సరిగ్గా అడ్డం పెట్టమనింది. నా బండే ముందుంటాది."

"పెట్టనని చెప్పు."

"చెప్తే నాకు ఖలాస్. వీసా కంపెనీది గదా."

"అయితే పెట్టు."

"పెడితే నీ బస్సు తిరిగిపోతాది. దాంట్లో నా బిడ్డ ఉంటాది. రేపొద్దున సీటు లేదంటే దాన్నీ, వాళ్లమ్మనూ ఊరికి పంపాల్సిందే గదన్నా. ఎట్ల చేసినా నా కొంపే మునిగేది."

నేనిచ్చిన టీ ముట్టకుండానే చల్లారిపోయింది. పోతూ పోతూ, రేపు వెనక గేటుకు రాలేనని మాత్రం చెప్పి వెళ్లాడు.

ఆదివారం పొగమంచు. బస్సులో ఎవరూ నిద్రపోలేదు. పిల్లలకు అన్నీ తెలుసు, ఫోన్లు వాళ్లకూ ఉన్నాయి. ఆ పిల్ల ఎప్పటిలాగే ముందు వరుసలో, ఒడిలో క్యారియర్‌తో కూర్చుంది. మంచుకు ముక్కు పట్టేసిందేమో, నాకు ఆ పొద్దు తాలింపు వాసన కూడా తెలియలేదు.

బడి వీధిలోకి తిరిగేసరికి కార్లు. రెండు వరుసల్లో, అద్దాలు ఎత్తుకుని, ఇంజన్లు ఆపకుండా. ఒక్క హారన్ లేదు. నా ఉద్యోగంలో అంత నిశ్శబ్దమైన ట్రాఫిక్ మళ్లీ చూడలేదు. వీధి చివర పోలీసు బండి ఒకటి ఆగి ఉంది. అందులోని ఆయన కాగితం కప్పులో టీ తాగుతూ మమ్మల్ని చూస్తున్నాడు. నేను ఎంత దూరం పోగలనో అంత దూరం పోయి ఆపాను. నా వెనక మా బస్సులు వచ్చి ఆగాయి. ఇక నేను వెనక్కి పోవాలన్నా అవన్నీ పోవాలి. గేటుకు సరిగ్గా అడ్డంగా, నా బస్సు మూతికి ఎదురుగా, నల్లటి పెద్ద కారు. స్టీరింగు దగ్గర మనవాడు. వెనక సీట్లో మేడం, పక్కన కొడుకు. మనవాడు నా వైపు చూడలేదు. చూడలేడని నాకు తెలుసు.

ఎంతసేపు అలా ఉన్నామో. సోషల్ సార్ ప్రిన్సిపాల్‌కు ఫోన్ కలుపుతున్నాడు, కలవడం లేదు. నా వెనక బస్సు డ్రైవరు ఫోన్ చేసి, "రివర్స్ కొడదామా అన్నా?" అన్నాడు. నా చెయ్యి గేరు మీదికి పోయిన మాట నిజం.

"అంకుల్, డోర్ తీయండి."

ఆ పిల్ల లేచి నిలబడింది. చేతిలో క్యారియర్.

"నాయనకు ఇయ్యాల."

బస్సు తలుపు గేటు లోపలే తీయాలనేది మా రూలు. రోడ్డు మీద తీస్తే ఉద్యోగం పోతుంది. ఆయా అక్క ఆ పిల్ల భుజం పట్టుకుంది. "ఈ పొద్దు వద్దు తల్లీ, కూచో. ఆ యమ్మ ఉండాది బండ్లో. మీ నాయనకు పని పోతాది."

"ఇయ్యకపోతే పస్తుంటాడు ఆంటీ."

నేను ఎందుకు తీశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఏమవుతుందో చూద్దామనే గుణం నాలో మొదటినుంచీ ఎక్కువ. తలుపు తీశాను. బండ్ల మధ్యకు పిల్లను ఒంటరిగా పంపకూడదని నేనూ దిగాను.

ఆ పిల్ల నేరుగా వెళ్లి డ్రైవరు వైపు అద్దం మీద వేలితో తట్టింది. అటూ ఇటూ కార్లలో తలలు మా వైపు తిరిగాయి. అద్దం దిగింది.

"నాయనా, క్యారియర్."

తండ్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి చాపి అందుకున్నాడు. అందుకున్న చెయ్యి ఒక్కసారిగా పైకి లేచింది. అదిరిపడ్డాడు పాపం అనుకున్నాను. క్యారియర్‌ను గబుక్కున ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

వెనక సీట్లో నుంచి మేనేజరు కొడుకు ముందుకు వంగాడు.

"మమ్మీ, అది అంకుల్ వాళ్ల క్యారియరే. నీలం వైరు చూడు. అంకుల్, ఇవాళ పులిహోరా? సాయంత్రం నాకు కొంచెం ఉంచండి."

"అట్లే బాబూ," అన్నాడు తండ్రి.

మేడం కొడుకును చూసింది. క్యారియర్‌ను చూసింది. తర్వాత కిటికీ అద్దం దించి ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది. అదే యూనిఫారం, అదే బ్యాడ్జి.

"నువ్వు ఏ క్లాసమ్మా?"

"టెన్త్, ఆంటీ. ఆ బస్సులోనే వస్తాను."

"ఈయన..."

"మా నాయన ఆంటీ."

మేడం మొహంలో ఏం కనిపిస్తుందా అని చూస్తూ నిలబడ్డాను. కోపం కాదు, జాలి కూడా కాదు. అబ్బాసియాలో బాత్రూము ముందు లైనులో నిలబడ్డప్పుడు ఆమె మొహం ఇలాగే ఉండేదేమో అనిపించింది. ఆమె అద్దం ఎత్తేసుకుంది. లోపల ఏదో అంది. ఏమందో నాకు వినబడలేదు. తర్వాత మనవాడే చెప్పాడు. "బండి తియ్యి" అందట, అంతే.

నల్ల కారు కదిలింది. అది కదిలితే ఏర్పడిన సందు ఒక బస్సుకు సరిపోయింది. ఆ పిల్లను ఎక్కించుకుని, తలుపు మూసి, అటూ ఇటూ అద్దాలు తగలకుండా గేటు లోపలికి పోనిచ్చాను. నా వెనకే మిగతా బస్సులు. వీధి చివర పోలీసాయన ఖాళీ కప్పు నలిపి పడేసి బండి స్టార్టు చేశాడు. ఆయన దృష్టిలో ట్రాఫిక్ క్లియర్ అయింది.

దాంతో అందరూ మారిపోయారని మీరనుకోవద్దు. కొన్ని కుటుంబాలు పిల్లలను వేరే బడికి మార్చాయి. చాలా నెలలు మధ్యాహ్నం తిండి దగ్గర వీళ్లొక మూల, వాళ్లొక మూల. అయితే బస్సులు ముందు గేటు నుంచే వెళ్లాయి, సీట్లు నిలబడ్డాయి. ఆ పిల్ల పదో తరగతి అక్కడే పూర్తి చేసింది. వారం తిరక్కుండా ఆమె తండ్రిని మేనేజరు ఇంటి నుంచి తీసేసి సబ్‌హాన్ గోడౌనులో సరుకు బండికి వేశారు. అది శిక్షో, మేడం చేసిన మేలో నాకు అంతుపట్టలేదు. జీతం తగ్గలేదు, పైగా ఇంట్లో అన్నం తినే వెళ్లే వేళకు డ్యూటీ. మేడాన్ని అడగాలని ఉండేది. అడిగే చోట ఆమె మళ్లీ కనిపించలేదు.

ఈ కథను ఏళ్ల తరబడి చెప్పుకు తిరిగాను. లోకం తెలియని పసిపిల్ల, నాన్న ఆకలి తప్ప ఇంకేమీ తోచక, ఇంతమంది పెద్దవాళ్ల పంతాన్ని క్యారియర్‌తో చిత్తు చేసిందని. వినేవాళ్ల కళ్లు తడిసేవి. నావీ తడిసేవి.

కువైట్ వదిలి వచ్చేసే ముందు ఆ కుటుంబం నన్ను భోజనానికి పిలిచింది. అదే అబ్బాసియా, అదే ఫ్లాటు. పిల్ల ఊళ్లో చదువు ముగించుకుని వచ్చి ఒక క్లినిక్‌లో ల్యాబ్ పని చేస్తోంది. ఆయా అక్క కూడా వచ్చింది. అన్నం తింటూ అలవాటు కొద్దీ ఆ కథ ఎత్తుకున్నాను. లోకం తెలియని పసిపిల్ల అనేచోటికి వచ్చేసరికి ఆ అమ్మాయి వడ్డిస్తున్న గరిటె ఆపింది.

"అంకుల్, ఆ పొద్దు క్యారియర్లో ఏమీ లేదు."

నేను ముద్ద చేతిలోనే పట్టుకుని చూశాను.

"రేపు వెనక గేటుకు రాను, అన్నం కట్టొద్దని నాయన ముందు రోజే చెప్పినాడు. అమ్మ ఆ పొద్దు వంటే చేయలే. ఆ యమ్మ ముందర నాయన దగ్గరికి పోయేదానికి ఒక సాకు కావాలని నేనే ఉట్టి క్యారియర్ తెచ్చుకోని బస్సెక్కినా. గిన్నెలు చప్పుడు చేస్తాయని లోపల నోటుబుక్కు కాగితాలు కుక్కినా. వైరు ఊడితే ఎట్లరా అని ఒకటే భయం."

ఆయా అక్క నన్ను చూసి, "పసిపిల్లంట," అని మెల్లగా అంది.

నేను తండ్రి వైపు తిరిగాను. క్యారియర్ అందుకోగానే పైకి లేచిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. "నీకు తెలుసా?"

"చేతికి రాంగానే తెలిసె గదన్నా. బరువు లేదు."

"మరి సాయంత్రం ఆ బాబు అడిగింటాడే?"

"అడిగినాడు. ఆకలైతే అంతా నేనే తినేస్తి బాబూ అని చెప్పినా." పెరుగన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండా అన్నాడు. "ఆ పొద్దు నాకు పచ్చి మంచినీళ్లు కూడా దిగలేదన్నా."